నక్క మాస్టారి ఇంగ్లీషు క్లాసు

పక్క తోటలోకి పట్నం నుంచి ఒక బొచ్చుకుక్క దిగింది. యజమాని "సిట్" అంటే కూర్చుంటుంది, "కమ్" అంటే వస్తుంది, బిస్కెట్టు తింటుంది. అది చూసినప్పటి నుంచి మన సీతాఫలాల తోటలో కాపలా కాసే కర్రికుక్కకి గంజి సయించడం లేదు.

"అరిచి అరిచి గొంతు పోతోంది. ఒక్క బిస్కెట్టు ముక్క ఎరగను. నాకూ ఇంగ్లీషు రావాలి!"

"పొరుగింటి పుల్లకూర రుచి," అంది ముసలి ఎద్దు నెమరేస్తూ. ఎద్దు మాట ఎవరు వింటారు?

ఈ సంగతి కంచె అవతల నక్క విన్నది. మర్నాడే చెవి వెనక బలపం దోపుకుని వచ్చేసింది.

"ఫీజు వద్దు. తప్పుల్లేని ఇంగ్లీషు నేర్పుతాను. సొంత భాషలో నోరెత్తినవాళ్లు మెడలో కొబ్బరిచిప్ప కట్టుకోవాలి. వాక్యం మనసులో సరిచూసుకున్నాకే పైకి అనాలి. అంతే!"

"దొంగ చేతికి తాళం ఇస్తున్నార్రా," అంది ఎద్దు. మొదటి కొబ్బరిచిప్ప దాని మెడలోనే పడింది.

ఉన్నమాట చెప్పాలి, నక్క పాఠం బాగానే చెప్పేది. తప్పు వింటే మాత్రం దానికి ఒళ్లు మండిపోయేది. తోటలోని చుక్కల కోడిపెట్ట రోజూ "ఐ యామ్ హ్యావింగ్ ఫోర్ చిల్డ్రన్స్" అనేది, నక్క రోజూ గంతులేసేది. "ఐ హ్యావ్ ఫోర్ చిల్డ్రన్! నీ బుర్రలో ఉన్నది తవుడా?"

ఒక మధ్యాహ్నం తోట ఆసామి కలుపుతీతకు వెళ్లాడు. నక్క కంచె దూకింది. ఈసారి చెవి వెనక బలపం లేదు.

కర్రికుక్క చూసింది. మొరగబోయి, కొబ్బరిచిప్ప గుర్తొచ్చి ఆగింది. "ఫాక్స్ కమ్... ఊహూ, కమ్స్... కాదు, ఈజ్ కమింగ్!" అని సరిచూసుకునేసరికి నక్క చుక్కలపెట్టను కరుచుకుని తిరుగుముఖం పట్టింది. "అయ్యో, ఇప్పుడు ఈజ్ గోయింగ్ కదా!" అని పాపం మళ్లీ మొదలెట్టింది.

గంప కింద పిల్లలు కియ్‌కియ్‌మంటున్నాయి. వాటిని చూసి పెట్టకు గుండె చెరువైంది. ఏడిస్తే లాభం లేదనుకుని గొంతెత్తింది.

"ఐ యామ్ హ్యావింగ్ ఫోర్ చిల్డ్రన్స్!"

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. పళ్లు బిగబట్టి నడిచింది.

"పక్క తోట వాళ్లంతా వినండి! ఇది మా నక్క మాస్టారు నేర్పిన ఇంగ్లీషే!" అని అరిచింది పెట్ట.

బొచ్చుకుక్క కంచె మీంచి తల పెట్టి కిసుక్కున నవ్వింది. ఇక నక్క తట్టుకోలేకపోయింది.

"నేను నేర్పలేదు! చిల్డ్రన్! ఒట్టి చిల్డ్రన్!"

నోరు తెరిచిందో లేదో, పెట్ట కొట్టం కప్పు మీద వాలింది. "ఒరే కర్రిగా, మొరగరా! నీ ఇంగ్లీషు మంటగలవ!"

కర్రికుక్క కడుపునిండా మొరిగింది. నక్క తోక దొరకబుచ్చుకుని, పళ్ల సందునుంచే అడిగింది: "తప్పేమైనా ఉందా మాస్టారూ?"

సగం తోకతో కంచె దాటాక కూడా నక్క గొణుగుతూనే ఉంది, "చిల్డ్రన్... ఒట్టి చిల్డ్రన్..."

ఎదుటివాడి తప్పు దిద్దే ఆత్రం ముదిరితే నోటికాడి కూడు నేలపాలవుతుంది.