నమస్కారం అందుకోని మాస్టారు

అనగనగా, ఏడు సముద్రాల అవతలేం కాదు, మన వాగు మీద వంతెన దాటగానే ఒక ఊళ్ళో ఒక బడి ఉండేది, బంగారూ. ఆ బడికి దాలినాయుడు మాస్టారు. ఆయన గొంతెత్తితే మూడూళ్ళ అవతల గేదెలు కూడా ఎక్కాలు అప్పజెప్పేవి. నవ్వకు, నా చెవులారా విన్నాను!

మాస్టారు రాగానే పిల్లలంతా లేచి, చేతులు జోడించి, "నమస్కారం మాస్టారూ!" అనాలి. ఆయన "కూర్చోండి" అనేదాకా కూర్చోకూడదు. అది ఆయన పెట్టిన కట్టుబాటే.

ఒకరోజు పై ఆఫీసు నుంచి, నింపి పంపమని బండెడు కాయితాలొచ్చాయి. మాస్టారు వాటిల్లో తల దూర్చి ఆ ఒక్క మాట మర్చిపోయారు. తలెత్తకుండానే ఎక్కాలు చెప్పించారు. పిల్లలు గంట కొట్టేదాకా నిలబడే ఉన్నారు. స్తంభాలనుకుని కాకులొచ్చి వాళ్ళ నెత్తిన వాలాయి.

ఆ తర్వాత రెండోరోజూ అంతే. ఈసారి కాకులు గూళ్ళే కట్టేశాయి.

ఆ పిల్లల్లో నూకాలని, రెండో తరగతి పిల్ల. పాపం, దాని మడమ మీద సెగ్గడ్డ లేచింది, గుమ్మడికాయంత! సాయంత్రం ఇంటికెళ్ళి భోరుమంది. "రేపట్నించి బడికి పోనమ్మా."

బడంటే ప్రాణం పెట్టే పిల్ల, పలకని పక్కలో వేసుకుని పడుకునే పిల్ల, ఆ మాటందంటే చూడు!

అప్పుడు వాళ్ళమ్మ, "మాస్టారితో చెప్పవే," అంది.

"పెద్దవాళ్ళకి వాళ్ళ తప్పు చెప్పొచ్చా?"

"మర్యాదగా చెప్తే దేవుడికైనా చెప్పొచ్చు."

మూడోరోజు మళ్ళీ అదే తంతు. అప్పుడు నూకాలు కొంగలా ఒంటికాలి మీద నిలబడి, చేతులు జోడించి అంది: "మాస్టారూ, మా నమస్కారం మీరింకా అందుకోలేదండి. అందుకుంటే కూర్చుంటాం."

బడంతా బిగుసుకుపోయింది. గోడ మీద చీమ నడిస్తే టకటకా వినిపించింది.

మాస్టారు తలెత్తారు. ఆ కాలు చూశారు. "ఎన్నాళ్ళనుంచమ్మా ఇలా?"

"మూడ్రోజులండి."

ఆయన కుర్చీలోంచి లేచారు. రెండు చేతులూ జోడించారు. "తప్పు నాది, తల్లీ. నువ్వు చెప్పబట్టి తెలిసింది. నీ మేలు మర్చిపోను. నమస్కారం పిల్లలూ, కూర్చోండి."

ఆ తర్వాత నూకాలుని ఎత్తుకెళ్ళి తన కుర్చీలో కూర్చోబెట్టారు. కాలికి పసుపు పట్టు వేశారు. కాయితాలన్నీ బీరువాలో పెట్టి, పిల్లల మొహాలు చూస్తూ, నిలబడే పాఠం చెప్పారు. మధ్యాహ్నానికి ఆయన ముసలి మోకాళ్ళు పటపటమన్నాయి, పక్కూళ్ళో పిడుగనుకున్నారు!

అప్పుడు పిల్లలంతా గుసగుసలాడుకుని, తమ బల్ల ఒకటి ఖాళీ చేసి, బరబరా లాక్కొచ్చి ఆయన వెనకాల వేశారు. వేసి, ఒక్క గొంతుతో అన్నారు: "మాస్టారూ, మీరూ కూర్చోండి!"

ఆయన కూర్చున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది ఎంతసేపు తుడిచారో, అద్దం అరిగిపోయిందనుకో!

చెప్పిన నూకాలు చల్లగుండాలి,
విన్న మాస్టారు పదేళ్ళుండాలి, కాదు కాదు, వెయ్యేళ్ళుండాలి.
కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో నీ కంటికొచ్చి కూర్చుంది.