బాతు వెనక నడిచిన దండు

అనగనగా, మనకు ఏడు సముద్రాల అవతల, పడమటి దేశంలో ఒక పల్లె. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాట. ఆ పల్లెలో గిసెలా అనే విధవరాలు ఊరివాళ్ళ బాతులు కాసుకుంటూ బతికేది. ఊళ్ళో ఆమెను పలకరించేవాళ్ళే లేరు, ఇక కూర్చోమనేదెవరు?

ఒక ఏడు, తల్లిబాతు వదిలేసిన గుడ్డు ఆమెకు దొరికింది. పాత శాలువలో చుట్టి, కడుపుకు కట్టుకుని, తన ఒంటి వేడితోనే పొదిగింది. పిల్ల బయటికొచ్చి మొదట చూసింది గిసెలా ముఖాన్నే. అంతే, ఆమే దానికి తల్లి. పెరిగి పెద్దదై, మెడ చాచి బుసకొట్టే వయసొచ్చినా ఆమె వెంట పడి తిరగడం మానలేదు.

ఆ రోజుల్లో ఫుల్కో అనే బోధకుడు ఊరూరా తిరుగుతున్నాడు. "తూర్పున మన పుణ్యక్షేత్రం యెరూషలేము పరమతం వాళ్ళ చేతుల్లో ఉంది. భుజాన గుడ్డ సిలువ కుట్టుకుని కదలండి, విడిపిద్దాం!" అని అతని బోధ. సిలువ యుద్ధాలు అలా మొదలవుతున్న కాలం. ఒక ఆదివారం అతను ఆ పల్లెకు వచ్చాడు, గిసెలా కూడా చర్చికి వెళ్ళింది. ఆమె వెనకాలే బాతు కూడా బలిపీఠం దాకా నడిచింది.

ఫుల్కో చేతులెత్తి అరిచాడు. "చూశారా! దేవుని ఆత్మ ఈ పక్షిలో దిగింది! ఏం తల్లీ, దీనికి యెరూషలేము దారి తెలుసు కదూ?"

అంతవరకూ ఆమెను తల్లీ అన్నవాడు లేడు. ఎవరో లేచి ముందు బల్ల మీద చోటు కూడా ఇచ్చారు. ఆ సుఖానికి గిసెలా కాదనకుండా తల వంచుకుంది, అదే ఒప్పుకోలైంది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే జనం ఎక్కడైనా ఉంటారు కదా! సాయంత్రానికల్లా అందరి భుజాల మీదా సిలువలు వెలిశాయి.

దండు కదిలింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిపి ఆరువందల మంది బాతు వెనక నడుస్తున్నారు. బాతు గిసెలా వెనక నడుస్తోంది. గిసెలాకు యెరూషలేము ఏ మూలనుందో తెలియదు. ఊరు దాటి ఆమె నడిచిన దారి ఒక్కటే, సంత జరిగే పట్నం దారి. కాళ్ళు అటే తీసుకుపోయాయి.

రెండో రోజున దండుకు ఆకలేసింది. దారిలో ఒక ముసలి రైతు గాదె పగలగొట్టారు. అతను గిసెలా కాళ్ళ మీద పడ్డాడు.

"అమ్మా, ఇవి విత్తనాలు. నీ పక్షికి నిజంగా దారి తెలుసంటే నేనే ఇస్తాను. తెలియకపోతే మాత్రం నా మనవల నోరు కొట్టకండి."

గిసెలా దండు వైపు చూసింది. నిజం చెబితే ఈ ఆరువందల మందీ తనను బతకనిస్తారా? మళ్ళీ తల వంచుకుంది. గాదె ఖాళీ అయింది.

మూడో రోజుకు పట్నం చేరారు. అక్కడ, క్రీస్తును దేవుడని ఒప్పుకోని యూదుల వీధిలో, రాహేలు అనే ఆమె ఈకలతో పరుపులు, దిండ్లు కుట్టేది. గిసెలా ఏరి తెచ్చిన ఈకలు కొనేది ఆమే. గిసెలా మొగుడు పోయిన ఏడాది, అన్నం పెట్టి ఓదార్చింది కూడా ఆమే. దాహంతో నోరెండిపోయి గిసెలా ఆ గడప ముందు ఆగింది. ఆమెతోపాటు బాతూ ఆగింది.

"ఆగింది! పక్షి ఆగింది!" అని ఫుల్కో కేక పెట్టాడు. "మన శత్రువులు దూరాన కాదు, ఇక్కడే ఉన్నారని దేవుడు చూపిస్తున్నాడు!"

రాహేలు తలుపు తెరిచి, ఆ కత్తులనూ గొడ్డళ్ళనూ చూసి గిసెలా వైపు తిరిగింది. "గిసెలా, నేనెవరో నీకు తెలుసు. చెప్పు తల్లీ వీళ్ళకి!"

గిసెలా గొంతు చించుకుని అరిచింది. "ఇది నా వెంట వస్తోందయ్యా! నా కడుపున పొదిగాను దీన్ని! దీనికి దారీ తెలియదు, దేవుడూ తెలియదు! మంచినీళ్ళ కోసం ఆగాను నేను!"

ఫుల్కో నవ్వాడు. "రెండుసార్లు ఒప్పుకున్న మనిషి ఇప్పుడు కాదంటోంది. సైతాను పట్టింది దీనికి, పక్కకు లాగండి!"

లాగేశారు. ఆ రోజు ఆ వీధంతా కొల్లగొట్టి తగలబెట్టారు, ఒక్క తలుపు మిగల్లేదు. చీల్చిన పరుపుల్లోంచి ఈకలు లేచి వీధంతా కమ్మేశాయి. రాహేలు కత్తివేటుకు తన గడపలోనే పడి చనిపోయింది.

మర్నాడు గిసెలా కదలనంది. బాతును బండిలో వేసుకుని వెళ్ళారు. అది మేత ముట్టలేదు, మూడు రోజులకు చచ్చింది. ఇకనైనా ఆగారా? దాన్ని గుంట తీసి పూడ్చిపెట్టి, ముందుకే నడిచారు. బాతు వాళ్ళకు సాకు మాత్రమే. వాళ్ళలో ఎక్కువమంది దారిలోనే ఆకలికీ రోగానికీ పోయారు. అలాంటి దండ్లు రెండువందల ఏళ్ళు కదులుతూనే ఉన్నాయి. ఆ పగ మనవల మనవల దాకా మిగిలింది.

గిసెలా ముసలిదయ్యేదాకా ఆ కాలిన వీధిలోనే ఉండి, అడిగినవాళ్ళకల్లా జరిగింది జరిగినట్టు చెప్పేది. ఒక బాటసారి జాలిపడి, "నీ తప్పేముందమ్మా? నువ్వు నిజం చెప్పావుగా!" అన్నాడు.

"చెప్పాను నాయనా, మూడోసారికి చెప్పాను," అంది ఆమె.

మొదట్లోనే కాదనని అబద్ధం మన నోటి మాట కోసం ఆగదు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వి లాభం లేదు.