అతుకు లోపలి పక్క

మిషను మీద పెట్టి ఊపే పరీక్షలో కారు బాడీ రెండోసారి కూడా నిలవలేదు. తలుపు కింద రెండు అల్యూమినియం రేకులు కలిసే అతుకులో ఏడు రివెట్లు వదులయ్యాయి. మూడోసారి కూడా ఇట్లాగే అయితే పని వేరే షెడ్డుకు ఇచ్చేస్తామని కారు కంపెనీవాళ్లు చెప్పి వెళ్లారు.

తిరుపాల్ ఆ అతుకు ముందు చాలాసేపు కూచున్నాడు. అనంతపురం శివార్లలోని ఆ షెడ్డులో పదకొండేళ్లుగా రివెట్లు కొడుతున్నాడు. అంత పల్చటి రేకును సొట్టపడకుండా అతికించే చెయ్యి జిల్లాలో తనదొక్కటేనని అతని నమ్మకం.

రివెట్ పని ఇద్దరిది. బయట ఒకడు గన్‌తో కొడతాడు. లోపల ఒకడు రివెట్ కాలికి ఇనుపదిమ్మె ఆనించి పట్టుకుంటాడు. దెబ్బకు ఆ కాలు దిమ్మె మీద అణిగి, తలలా విచ్చుకుంటేనే రేకులు కరుచుకుంటాయి. తొమ్మిదేళ్లు తిరుపాల్‌కు దిమ్మె పట్టినవాడు గిడ్డయ్య. మూడు నెలల కింద ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "పట్టుకునేదానికి ఎవడైనా చాలులే" అన్నాడు తిరుపాల్. గిడ్డయ్య చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. బళ్లారిలో చేరాడట. ఫోను ఎత్తడు.

అప్పట్నుంచి తిరుపాల్ ఒక చేత్తో గన్, ఇంకో చెయ్యి లోపలికి దూర్చి దిమ్మె పట్టి ఒక్కడే కొడుతున్నాడు. మధ్యాహ్నం అన్నం డబ్బా ఒక్కడే విప్పుతున్నాడు.

పని నేర్పిన ఖాజా హుస్సేన్ ఉస్తాద్‌కు కబురు పెట్టాడు. డెబ్బై దాటిన ఆ పెద్దాయన వచ్చి, అతుకు పొడవునా బొటనవేలితో తడిమి చూశాడు.

"రివెట్లు ఇంకా దగ్గరదగ్గరగా వేస్తే నిలుస్తుందా ఉస్తాద్?"

ఆ వరస రివెట్లన్నీ తీయించి, ఉస్తాద్ గన్ అందుకున్నాడు. "దిమ్మె తీసుకుని లోపలికి పో. బాగా అణిగితే ఒకసారి తట్టు. అణక్కపోతే రెండుసార్లు."

తిరుపాల్ బాడీలోకి దూరి పక్కకు పడుకున్నాడు. అక్కడికి బయటి మనిషి కనబడడు, దెబ్బ ఒక్కటే వస్తుంది. అది అరచేతిలోంచి మోచేతికి, అక్కణ్నుంచి పళ్లలోకి పాకింది.

మొదటి రివెట్ సగమే అణిగింది. ఉస్తాద్ దెబ్బ చాలలేదని తట్టడానికి తిరుపాల్‌కు చెయ్యి రాలేదు. చివరికి మెల్లగా రెండుసార్లు తట్టాడు.

బయట గన్ ఆగింది. మళ్లీ అక్కడే మోగింది.

ఈసారి కాలు పూర్తిగా అణిగింది, తిరుపాల్ ఒకసారి తట్టాడు. లోపల్నుంచి గిడ్డయ్య రెండుసార్లు తట్టినా, 'శబ్దం బట్టి నాకు తెలుసులే' అంటూ తను పక్క రివెట్‌కు జరిగిపోయిన రోజులు ఎన్నో. ఆ పొద్దు గొడవ కూడా దాని మీదనే.

కాసేపటికి బయటికి వచ్చాడు. చెయ్యి తిమ్మిరెక్కింది, చెవుల్లో హోరు.

"మనం కొట్టేది ఈ పక్క" అన్నాడు ఉస్తాద్. "తల కట్టేది ఆ పక్క."

తిరుపాల్ చేతిలోని దిమ్మెను తిప్పి చూశాడు.

"నేను పోయి పిలిస్తే వస్తాడా?"

"రాకపోవచ్చు."

వరసలో ఇంకా పద్నాలుగు రివెట్లు మిగిలాయి. ఉస్తాద్ గన్ ఇవ్వబోయాడు. తిరుపాల్ అందుకోలేదు. వంగి, మళ్లీ లోపలికే పోయాడు.