తిన్నగా వెళ్ళిన పెళ్ళి వ్యాను

గుమ్మలపేటలో సూరప్పడి ఇంటిల్లిపాదికీ ఒకటే గర్వం. ఊరికి రావలసిన తెలివంతా దేవుడు తమ గుమ్మంలోనే గుమ్మరించాడని! ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టే వింటారు, ఒక్క అక్షరం జారనివ్వరు.

ఆ సూరప్పడు తమ్ముడి పెళ్ళికి సొంత వ్యానులో బయల్దేరాడు. పక్కన భార్య పైడితల్లి, వెనక బాసికం కట్టుకుని పెళ్ళికొడుకు నూకరాజు. ముహూర్తం దాటితే పిల్లనివ్వనని పిల్ల తండ్రి ముందే చెప్పేశాడు. తండ్రి లేని తమ్ముణ్ణి చేతులమీద పెంచాడేమో, సూరప్పడి గుండెల్లో రైళ్ళు పరిగెడుతున్నాయి.

ఊరు దాటారో లేదో, వ్యాను ఎడమ పక్కకి పోవడం మొదలెట్టింది.

“ఎడమకి లాగేస్తోందే!” అన్నాడు సూరప్పడు.

“ఎవడు లాగుతున్నాడో దిగి సూడయ్యా,” అంది పైడితల్లి.

దిగి చూస్తే ఎవరూ లేరు. మనల్ని చూసి దాక్కున్నాడని తేల్చేశాడు సూరప్పడు. వాడు ఎడమకి లాగితే మనం కుడికి లాగాలి. అంతే! కుడి డోరుకి తాడు కట్టి, రెండో కొస పెళ్ళికొడుకు చేతికిచ్చారు. నూకరాజు పరిగెత్తి పరిగెత్తి లాగాడు. బాసికం చెవిమీదకి జారింది, పట్టుపంచె బురదయింది, చివరికి డోరు ఊడి చేతికొచ్చింది.

ఇంకేముంది, డోరు నెత్తిన పెట్టుకుని ఖాదర్ మేస్త్రీ షెడ్డులో తేలారు. మేస్త్రీ చక్రాలు చూసి, “అలైన్‌మెంట్ పోయింది బాబూ,” అన్నాడు.

“అయ్యో! తమ్ముడూ, దారిలోనే పడుంటది, పరిగెత్తుకెళ్ళి ఏరుకొచ్చీ!”

పరిగెత్తబోయిన పెళ్ళికొడుకుని మేస్త్రీ చొక్కా పట్టి ఆపాడు. “పడిపోడం కాదయ్యా! ముందు చక్రాలు తిన్నగా ఉండాలి, ఇంకా చెప్పాలంటే రవ్వంత లోపలికి చూడాలి. నీ ఎడమ చక్రం బయటికి చూస్తోంది. పైగా దాని తల కూడా బయటికి వాలిపోయింది. అందుకే బండి అటు పోతోంది.” అంటూ పానాల కోసం లోపలికెళ్ళాడు.

సూరప్పడు ఆలోచనలో పడ్డాడు. లోపల చూడ్డానికేముందని చక్రం లోపలికి చూస్తుంది పాపం! పెళ్ళికొడుకుని మించిన వేడుక ఉందా? అంతే, నూకరాజుని వ్యాను కింద చక్రానికి ఎదురుగా పడుకోబెట్టారు.

“నవ్వరా, నవ్వు! నువ్విలా ఏడుపు మొహం పెడితే అదెందుకు సూస్తాది?”

“తల వాల్చేసిందంటే నిద్దరొచ్చిందేమో,” అని పైడితల్లి ఫ్లాస్కులో కాఫీ చక్రం మీద పోసింది. సగం చక్రానికి, సగం మరిదికి. కెవ్వున కేక విని మేస్త్రీ పరిగెత్తుకొచ్చి పెళ్ళికొడుకుని కాళ్ళు పట్టి బయటికి లాగాడు.

ముగ్గుర్నీ బెంచీమీద కూర్చోబెట్టి, కదిలితే ఒట్టని చెప్పి, చక్రాలు సరిచేశాడు. డోరూ బిగించాడు. “ఇంక నీ బండి ఎడమకి లాగదు. తిన్నగా పోద్ది. ఎలిపోండి, ముహూర్తం దాటిపోద్ది!”

నిజంగానే వ్యాను తిన్నగా పోయింది. ఆనందంతో సూరప్పడికి కళ్ళనీళ్ళొచ్చాయి. పట్నం వచ్చింది. ఎడమ సందులో కల్యాణమండపం, సందు మొగలో సన్నాయి, హారతిపళ్ళెం పట్టుకుని ఆడపెళ్ళివారు.

“అన్నియ్యా, ఎడమకి తిప్పు!” అని అరిచాడు నూకరాజు.

“నోర్ముయ్! ఇప్పుడే కదరా ఆ రోగం కుదిరింది. మళ్ళీ ఎడమకా?”

వ్యాను మండపం దాటింది, బజారు దాటింది. రోడ్డు అయిపోయి సముద్రం వచ్చాక, తడి ఇసకలో కూరుకుపోయి ఆగింది.

“పాత రోగమే ఉండుంటే ఈపాటికి తాళి కట్టేసుందును,” అని నూకరాజు భోరుమన్నాడు.

ఇంతలో ఫోను మోగింది. పిల్ల తండ్రి. “ఎక్కడికి బాబూ పోతారు? ఇంకా వేళ మించిపోలేదు. వెనక్కి తిరగండి!”

అంతే! ముగ్గురూ సీట్లలో వెనక్కి తిరిగి కూర్చున్నారు.

“తిరిగాం మావా, అయినా మండపం కనబడ్డంలేదు,” అన్నాడు సూరప్పడు ఎంతో ఓపిగ్గా. “మా బండి తిన్నగానే వచ్చింది. మీ మండపమే ఎడమకి లాగేసింది. కంగారు పడకండి, ఖాదర్ మేస్త్రీని పంపిస్తున్నాను. పిల్లని కాసేపు పక్కన కూకోబెట్టి, ముందు ఆ మండపానికి అలైన్‌మెంట్ చేయించండి!”