వేపకొమ్మ కట్టిన పడవ

కూర్మదాసుగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే, వినపడలేదేమో అనిపించేటట్టు ఊరుకునేవారు. కొత్తవాళ్ళు మళ్ళీ అడిగేవారు. పాతవాళ్ళు అడిగేవారు కాదు. ఆ ప్రశ్న ఆయన లోపల ఎక్కడో నానుతోందనీ, అదను చూసుకుని అదే బయటికి వస్తుందనీ వాళ్ళకి తెలుసు.

శిష్యులందరిలోకీ పాతవాడు బసవలింగం. నేతపని మనిషి. అరవై దాటినా మగ్గం మీద ఒక్క పోగు తప్పనివ్వడు, ఎదుటివాడి మాటలో ఒక్క పొల్లు పోనివ్వడు. తనకి జరిగిన అవమానం ఏదీ ఈనాటి వరకూ మరిచిపోయిన పాపాన పోలేదు. అటువంటివాడు ఆ రోజు కాలువలో పడవ కదిలీ కదలకముందే గురువుగారి పక్కన చతికిలబడి అడిగాడు:

"అయ్యగారూ, ఒక మనిషి మనల్ని పిలిచాడనుకోండి. ఆ పిలుపు నిజమో, వలో, వెళ్ళకముందే తెలుసుకునే దారేదైనా ఉందా అండీ?"

గురువుగారు గట్టు మీద మేస్తున్న గేదెల్ని చూస్తూ ఊరుకున్నారు.

పిలిచినవాడు బసవలింగానికి సొంత అన్న, చౌడయ్య. ఎగువన చింతలమెరకలో కాపురం. మంచాన పడ్డాననీ, ఒక్కసారి వచ్చి కనపడి పొమ్మనీ కబురు పంపాడు. అన్నదమ్ములకి మాటల్లేక చాలా ఏళ్ళయింది. తండ్రి పోయిననాడు బసవలింగం ఎక్కిన పడవ లాకుల దగ్గర చిక్కడిపోయింది. అతను చేరేసరికి చితి కూడా చల్లారింది. "పొద్దు వాలేదాకా చూశాం. ఇంకెంతసేపు ఉంచమంటావు?" అన్నాడు చౌడయ్య. కావాలనే తనకి ఆలస్యంగా కబురు పెట్టాడని బసవలింగం నమ్మకం. కాళ్ళయినా కడుక్కోకుండా ఆ గట్టు మీంచే వెనక్కి తిరిగినవాడు మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు.

ఈ కబురుకి కూడా అతను జవాబు పంపలేదు. వస్తున్నానని ముందే చెబితే అవతలివాళ్ళు ఏం ఏర్పాట్లు చేసుకుని కూర్చుంటారో ఎవరికి తెలుసు? చెప్పకుండా వెళ్ళి గుమ్మంలో నిలబడితే మంచం మీద ఉన్నాడో, అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడో తేలిపోతుంది. గురువుగారు "నేనూ వస్తాను పద" అన్నారు కాబట్టి గాని, లేకపోతే ఆ మాత్రం కూడా కదిలేవాడు కాదు. పైగా వేసవి. మర్నాటి నుంచి మరమ్మతులకని కాలువ కట్టేస్తారు. నీళ్ళు తీస్తాయి, పడవలు ఎక్కడివక్కడ బురదలో కూర్చుంటాయి. ఆ ఊరికి బండిబాట లేదు, నడిచిపోదామంటే బసవలింగం మోకాళ్ళు ఒప్పుకోవు. సాయంత్రం లాకులు మూసేలోగా ఈ ఆఖరి పడవ దాటితే అన్నని చూస్తాడు. దాటకపోతే మళ్ళీ తొలకరికే. అప్పటికి చౌడయ్య ఉంటాడన్న నమ్మకం ఎవరికీ లేదు.

అందుకని పొద్దుటినుంచీ బసవలింగం కళ్ళు పడవలో ప్రతి మనిషి మీదా తిరుగుతూనే ఉన్నాయి. సరంగు గంగన్న ఒకచోట మంచినీళ్ళకి పడవ ఆపితే, లాకులు తప్పించడానికే ఆపాడనుకున్నాడు. నీళ్ళు తగ్గి పడవ ఇసకమేట మీద ఎక్కి కూర్చుంటే, చుక్కాని పట్టినవాడు కావాలనే ఎక్కించాడన్నాడు. వంతెన కింద తెరచాప కొయ్య దించడం కూడా అతనికి నచ్చలేదు. అన్నం వండుకునేవాళ్ళ పొగ తన మొహానికే ఎందుకు కొడుతోందని ఆరా తీశాడు. మధ్యాహ్నం కునుకు వస్తుందేమోనని మూట తొడ కింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు. ఎండుచేపల గంపతో ఎక్కిన నూకాలమ్మ ఇది చాలాసేపు చూసి చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏం బాబూ, పొద్దుగాలనించీ మూట మీదినించి లెగవ్వు! గుడ్లు పొదుగుతున్నావా ఏంటి?"

పడవంతా నవ్వింది. గురువుగారు కూడా నవ్వారు. బసవలింగం మాత్రం నవ్విన మొహాలన్నీ గుర్తుపెట్టుకున్నాడు.

పొద్దు పడమటికి వాలుతుండగా ఎగువనుంచి ఇంకో పడవ ఎదురొచ్చింది. ఆ కాలువ మీద ఒక కట్టుబాటుంది. పడవల్ని గట్టు మీద నడిచే మనుషులు తాడేసి లాగుతారు. రెండు పడవలు ఎదురైతే తాళ్ళు అడ్డం పడతాయి. అందుకని ఒక పడవ తాడు వదులు చేసి నీళ్ళలోకి దించితే, రెండోది దాని మీదుగా దాటిపోతుంది. మామూలుగా వాలున దిగేవాళ్ళే తాడు దించాలి. వాళ్ళకి నీళ్ళ సాయం ఉంటుంది. ఎదురెక్కేవాళ్ళు దించితే పడవ వెనక్కి కొట్టుకుపోతుంది. అయితే కొయ్యకి వేపకొమ్మ కట్టిన పడవ వస్తే మాత్రం లోపల రోగి ఉన్నట్టు. దానికి ఎవరైనా సరే తాడు దించాల్సిందే. వచ్చే పడవ కొయ్యకి వేపకొమ్మ ఊగుతోంది.

"తాడు గట్టున రాటకి చుట్టెయ్యండ్రా! ఇక్కణ్ణించి వదుల్తాం!" అని గంగన్న లాగేవాళ్ళకి కేకేసి, పడవ ముందున్న గుంజ దగ్గరికి వచ్చాడు. తాడు ఆ గుంజకే చుట్టి ఉంది. అప్పటికే బసవలింగం లేచి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"ఆగవయ్యా. వేపకొమ్మ ఎవడైనా కట్టుకోవచ్చు. లోపల రోగి ఉన్నాడని నువ్వు చూశావా?"

"చూడాలంటే ముందు దగ్గరికి రానివ్వాలి కదండీ."

"దించితే మనం వెనక్కి పోతాం. లాకులు మూసేస్తారు. నువ్వూ ఆ సరంగూ చుట్టాలు కారూ? నాకు తెలీదనుకున్నావా?"

"ఈ కాలువ మీద అందరం చుట్టాలమేనండి. వదలండి బాబూ, తప్పు!"

వదలలేదు సరికదా, ఇంకో చుట్టు బిగించి గుంజకి కాలు తన్నిపెట్టి కూర్చున్నాడు. ఎదుటి పడవ ముక్కు వచ్చి బిగిసిన తాడుకి తగులుకుంది. వెనకనుంచి నీళ్ళ వేగం తోస్తోంది. ఆ పడవ అడ్డం తిరిగి ఒకపక్కకి ఒరిగింది. దాని సరంగు "కొమ్మ కనపడ్డంలేదంట్రా గుడ్డి సన్నాసుల్లారా!" అని తిడుతూ, ఇక గత్యంతరం లేక తన తాడే దించబోయాడు. ఆ పడవ గూడు కిందనుంచి ఒక ముసలి గొంతు గయ్యిమంది.

"దించకు! కొమ్మ కట్టుకున్న పడవ తాడు దించడమేమిటి? ఎవడో పెద్దమనిషి! ఎంతసేపు పట్టుకుంటాడో పట్టుకోనీ!"

బసవలింగం కొయ్యబారిపోయాడు. చిన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చోబెట్టి పని నేర్పిన గొంతది. దానిచేత తిట్లు తిన్నవాడికి మరుపు రాదు.

"చౌడయ్యా!" అని అరిచాడు. "మంచాన పడ్డానని కబురెట్టి పడవల మీద షికార్లు చేస్తున్నావా?"

గూడు కింద పరుపు కదిలిన చప్పుడైంది.

"ఎవరది? బసవడా?" అంది గొంతు. "జవాబు పంపితే నీ సొమ్మేం పోయిందిరా? రేపు కాలువ కట్టేస్తున్నారు. నువ్వు రావు. నేనే నీ దగ్గరికి బయల్దేరక ఏం చెయ్యను?"

ఆ తరవాత దగ్గు మొదలైంది. ఆగలేదు. పడవ ఇంకాస్త ఒరిగింది. అంచు మీంచి నీళ్ళు లోపలికి జారుతున్నాయి. "మావయ్యని పట్టుకోండి, పరుపు తడిసిపోతంది!" అని కోడలిపిల్ల కేక. ఇటు పడవలో చేపల గంప దొర్లింది. నూకాలమ్మ శాపనార్థాలు పెడుతోంది. గంగన్న తాడు కొయ్యడానికి కత్తి తెమ్మని అరుస్తున్నాడు.

బసవలింగం అరచేతుల్లో తాడు కోసుకుపోతోంది. దగ్గు విని చెయ్యి సడలబోయింది. అంతలోనే పాత అనుమానం పైకి లేచింది. చెయ్యి వదిలించడానికే దగ్గుతున్నాడేమో! వాడి చిన్నప్పటి వేషాలు తనకి తెలియనివా? గురువుగారి వైపు తిరిగాడు.

"అయ్యగారూ! ఆ దగ్గు నిజమేనంటారా?"

"నేనూ నువ్వున్న పడవలోనే ఉన్నాను నాయనా," అన్నారు కూర్మదాసుగారు. "ఇక్కణ్ణించి నాకూ అంతే వినపడుతుంది."

బసవలింగం ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. అక్కడ ఇంకేమీ దొరకలేదు. గుంజ మీది బిగువు చుట్టు తీసేశాడు. తాడు బుసకొడుతూ జారి నీళ్ళలో మునిగింది. ఎదుటి పడవ ఒక్క ఊగు ఊగి సరిగ్గా నిలబడింది. ఇటు పడవని లాగేవాళ్ళు లేక, నీళ్ళు దాన్ని కూడా వెనక్కి పట్టుకుపోసాగాయి. రెండు పడవలూ అంచు అంచు రాసుకుంటూ వాలుకి పోతున్నాయి. "ఇంకెక్కడి లాకులు!" అని గంగన్న నుదురు కొట్టుకున్నాడు. గుంజ పక్కన తాడు చుట్ట గిరగిరా విప్పుకుంటోంది. అది ఉన్నంతవరకే ఈ పడవ అలా పోతుంది. ఆ పైన గట్టున రాట దీన్ని పట్టి ఆపేస్తుంది. అన్న పడవ మాత్రం సాగిపోతుంది.

ఎదుటి గూడు కింద, తడిసిన పరుపు మీద, చౌడయ్య పడుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. బుగ్గలు లోపలికి పోయాయి. ఆ గొంతు ఆ ఒంట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. కోడలు పట్టుకోగా మోచెయ్యి మీద లేచి తమ్ముణ్ణి కిందినుంచి పైదాకా తేరిపార చూశాడు.

"నిజం చెప్పు. నువ్వు నా దగ్గరికేనా బయల్దేరింది? ఎగువన ఇంకేదన్నా పనుండి పోతున్నావా?"

బసవలింగానికి నెత్తురంతా మొహంలోకి ఎక్కింది.

"విన్నారా అయ్యగారూ! విన్నారా! ప్రాణం గొంతులో ఉన్నా అనుమానం చావలేదు! ఇటువంటి మనిషితో..."

"ముందు ఆయనకి జవాబు చెప్పు నాయనా," అన్నారు కూర్మదాసుగారు. "తాడు అయిపోవస్తోంది."