బిరుదు రుచి చూసిన ఓబులేసు

ఆ కోటలో రాజుగారికి తినడానికి ఎవరేం తెచ్చినా, విషం ఉందేమోనని ముందు తెచ్చినవాళ్లే తినాలి. అది దగ్గరుండి తినిపించి, ఆపైన తానూ రుచి చూడటం ఓబులేసు కొలువు.

ఓ రోజు సభ కిటకిటలాడుతోంది. తన ఉపన్యాసంలో రాజుగారు గురక పెట్టారని లోలోపల ఉడికిపోతున్న ఆస్థాన పండితుడు వాగీశ్వర సోమయాజి తేనెలొలికిస్తూ లేచాడు.

"మహాప్రభూ! లాటిన్ భాషలో అరుదైన విశేషణం తెచ్చాను. తమరు వెంట్రియోసుస్! ఆడవారి దగ్గర దాని చివర మారుతుంది, కనుక రాణివారు వెంట్రియోసా! అంటే మహోన్నతులని!"

రాజుగారు ఉబ్బిపోయారు. "ఊరంతా దండోరా వేయించండి!"

సోమయాజి మీసాల చాటున నవ్వుకోవడం ఓబులేసు కంటపడింది. వెంటనే అడ్డం వచ్చాడు. "ఆగండి ప్రభూ! తెచ్చినవాళ్లు ముందు రుచి చూడాలి కదా!"

"బిరుదుకు రుచేమిట్రా? తేడా వచ్చిందో, నీ కొలువు ఊడుతుంది!"

సోమయాజి తొణకలేదు. "దానికేం! నేనే వెంట్రియోసుస్‌ని!" అంటూ ఛాతీ విరిచాడు.

ఓబులేసు సభంతా కలయజూశాడు. అంతలో ఆడవాళ్ల వరసలో సోమయాజి భార్య శేషమాంబ కనబడింది. ఆవిడ భర్త దగ్గరే లాటిన్ నేర్చుకుందని ఊరందరికీ తెలుసు. ఓబులేసు ఒక్క అంగలో వెళ్లి చేతులు జోడించాడు.

"వెంట్రియోసా శేషమాంబగారూ, దండాలమ్మా!"

ఆవిడ చివాలున లేచింది. "ఎవరయ్యా బానపొట్టది?"

రాజుగారి చెయ్యి మెల్లగా తన పొట్ట మీదికి వెళ్లింది.