ముళ్లు తీసిన మొక్క

చెన్నబసవయ్య గారికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా ఆ పూట జవాబు చెప్పరు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. కదిరి ఊరి బయట రేకుల షెడ్డులో ఉండే ఆ పెద్దాయన దగ్గరికి ప్రతి గురువారం సాయంత్రం పదిమందో పన్నెండుమందో వచ్చి కూర్చుంటారు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి కనుక అందరికీ ఆయన అయ్యవారే. దేవుడెక్కడున్నాడని అడిగిన ఒక గుమాస్తా చేత మూడు రోజులు గోడలకు సున్నం కొట్టించారనీ, అతను మళ్లీ ఆ ప్రశ్న ఎత్తలేదనీ చెప్పుకుంటారు. జవాబు దొరికి ఎత్తలేదో, సున్నానికి జడిసి ఎత్తలేదో ఎవరికీ తెలియదు.

సంజీవప్ప తొమ్మిదేళ్లుగా ఆయన శిష్యుడు. సొంత ట్రాలీ ఆటో ఉంది. ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవేయడం అతని వృత్తి. అద్దాల బీరువాను కూడా గీత పడకుండా దించుతాడని ఊళ్లో మంచి పేరు. ఒక గురువారం అందరూ లేచి వెళ్లేదాకా అతను గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తర్వాత తన బాధ చెప్పుకున్నాడు.

బాధంతా అక్క గురించి. సుంకమ్మ ముదిగుబ్బలో ఒంటరిగా ఉంటుంది. స్నానాల గదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు చేయి కదపకూడదన్నారు. అన్నం వండుకోలేదు, తల దువ్వుకోలేదు. తమ్ముడు తప్ప ఆమెకు నా అన్నవాళ్లు లేరు. తల్లి పోయిన ఐదేళ్ల పిల్లవాణ్ణి తెచ్చి సాకి, పెళ్లి చేసి, మనిషిని చేసింది ఆమే. ఇంతవరకూ చిక్కేమీ లేదు. చిక్కంతా ఆమె నోటితోనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సుంకమ్మతో నాలుగు మాటలు మాట్లాడే మనిషి ఆ వీధిలో లేడు. నాలుగేళ్ల కిందట సంజీవప్ప గృహప్రవేశానికి వచ్చి, భోజనాల దగ్గర అందరూ వినేలాగా, పదో తరగతి పరీక్ష నాడు జ్వరమని ముసుగు తన్నిన వాడు మేడ కట్టాడంటే కలికాలం కాక ఏమిటంది. మరదలు వడ్డించిన పప్పు నోట్లో పెట్టుకొని, ఈ ఇంటికి ఉప్పును పిలవడం మరిచిపోయినట్టున్నారే అంది. మరదలు భాగ్యమ్మ నవ్వేసి ఉప్పు తెచ్చి వేసింది. సంజీవప్పకు మాత్రం ఆ రోజు ముద్ద దిగలేదు. ఆ తర్వాత అక్కను ఇంటికి పిలవలేదు.

ఇప్పుడు పిలవక తప్పదు. భాగ్యమ్మ అప్పుడే ముందు గది ఊడ్చి మంచం కూడా వేసింది. అయినా సంజీవప్ప మనసు ఒప్పుకోవడం లేదు. అందుకని ఒక ఉపాయం ఆలోచించుకొని వచ్చాడు.

"అక్కను ముందు మీ దగ్గరికే తోడుకొస్తా, అయ్యవారూ. మీ ఎదుట కర్పూరం ఆర్పి, ఇంక ఎవర్నీ ఒక మాట అననని ప్రమాణం చేయల్ల. చేస్తే ఇంటికి తీసుకపోతా. చేయకుంటే ఆమె దారి ఆమెది. ఇది న్యాయమేనా?"

వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చేసిన ప్రమాణాన్ని ఆ పక్క ఊళ్లలో ఎవరూ తప్పరు. తప్పుతామనుకున్నవాళ్లు అసలు చేయరు. సుంకమ్మ చచ్చినా చేయదని సంజీవప్పకు తెలుసు. తెలిసే అడుగుతున్నాడని అయ్యవారికీ తెలుసు. ఆయన మాత్రం, షెడ్డు స్థలం అమ్ముడుపోయిందనీ, తాను కొండ కింద ఒక చేని పక్కనున్న రెండు గదుల ఇంటికి మారుతున్నాననీ, ఆదివారం పొద్దున్నే బండి తెచ్చి మొక్కలు చేరవేయమనీ చెప్పారు.

మొక్కలంటే షెడ్డు వెనక వరసగా ఉన్న నలభై మూడు కుండీలు. అన్నీ ముళ్లవే. నాగజెముడు మొదలుకొని బంతిలా గుండ్రంగా ఉండేవీ, రోకలిలా నిటారుగా పెరిగేవీ ఎన్నో రకాలు. ఇరవై ఏళ్లుగా చిన్న చిన్న పిలకలు తెచ్చి పెంచుకున్నవి. ఇంత మంచి మనిషికి మల్లె అంటు ఒక్కటీ దొరకలేదా అని శిష్యులు చాటుగా అనుకుంటూ ఉంటారు.

ఆదివారం సంజీవప్ప తాళ్లు, అట్టపెట్టెలు, వెల్డింగ్ షాపులో అడిగి తెచ్చుకున్న దళసరి తోలు గ్లౌజులతో దిగాడు. కుండీల్లో మట్టి బీటలు వారి ఉండటం చూసి ప్రాణం ఉసూరుమంది. ప్రయాణమయ్యే ఆడబిడ్డకు ఇంత పెరుగన్నమైనా పెట్టి పంపుతాం కదా అని బకెట్ అందుకున్నాడు. అయ్యవారు ఆపారు. పది రోజులుగా కావాలనే నీళ్లు మానేశారట. తడి మట్టిలో మొక్క కుదుపులకు ఊగితే వేర్లు తెగుతాయి. తెగిన వేరు తడిలో కుళ్లిపోతుంది. పొడి మట్టి అయితే కుండీ కూడా తేలిక.

తర్వాత పని ఎలాగో చేసి చూపించారు. పాత పేపరును నాలుగైదు మడతలు పెట్టి పట్టీలా చేసి, దాన్ని మొక్క నడుముకు చుట్టి, రెండు కొసలూ కలిపి ఒక చేత్తో పట్టుకోవాలి. రెండో చెయ్యి కుండీ అడుగున ఉండాలి. బిగించకూడదు, లాగకూడదు. ఆ మీద ఇంకో నాలుగు పేపర్లు వదులుగా చుట్టి, అట్టపెట్టెలో నిలబెట్టి, సందుల్లో కాగితం ఉండలు కూరాలి. డెబ్బై రెండేళ్ల మనిషి ఉత్త చేతులతో మూడు కుండీలు కట్టేశారు. ఒక్క ముల్లు కూడా గుచ్చుకోలేదు. సంజీవప్పకు గ్లౌజులుండగానే రెండు గుచ్చుకున్నాయి.

"అవి తొడుక్కుంటే భయం పోతాదప్పా. దాంతోపాటు జాగర్త కూడా పోతాది," అన్నారు అయ్యవారు.

తొమ్మిదింటికి పన్నెండు కుండీలయ్యాయి. ఎండ నెత్తికెక్కుతోంది. అయ్యవారు పుస్తకాలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లారు. ఈ లెక్కన చీకటి పడేదాకా ఇదే పని అనుకున్నాడు సంజీవప్ప. అతనికి తన వృత్తిలోని మొదటి పాఠం గుర్తుకొచ్చింది. మంచాన్ని అలాగే ఎక్కించరు, కోళ్లు ఊడదీస్తారు. ఫ్యానుకు రెక్కలు విప్పుతారు. బయటికి పొడుచుకొచ్చేవి తీసేస్తే ఏ సామానైనా చెప్పినట్టు వింటుంది. అతను పనిముట్ల సంచీలోంచి పట్టకారు తీసి, రోకలిలాంటి మొక్కనొకదాన్ని ముందు పెట్టుకొని, ముళ్లన్నీ ఒకటొకటిగా పీకేశాడు. అరగంటకు అది సొరకాయలా నున్నగా తేలింది. ఇంక దీనికి పేపరెందుకు, పట్టీ ఎందుకు అని, ఉత్త చేత్తో ఎత్తి, అప్పటికే చుట్టి ఉన్న రెండు మొక్కల మధ్య పెట్టెలో నిలబెట్టాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు.

అయ్యవారు బయటికొచ్చి, నేలమీద కుప్పగా ఉన్న ముళ్లను చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది. తిడతారని ఎదురుచూశాడు సంజీవప్ప. ఆయన తిట్టలేదు. మిగిలినవాటిని మాత్రం పేపరుతోనే కట్టమని చెప్పి, పక్కన కూర్చొని తానూ సాయం పట్టారు.

మధ్యాహ్నానికి బండి కదిలింది. ఇరవై మైళ్ల దారి. అందులో చివరి నాలుగు మైళ్లు గుంతల బాట. సంజీవప్ప బాలింతను తీసుకెళ్తున్నట్టు నెమ్మదిగానే నడిపాడు. అయినా గుంతల బాటలో బండి ఊగకుండా ఎలా ఉంటుంది.

దించి విప్పేటప్పుడు చూస్తే నలభై రెండు మొక్కలు చెక్కుచెదరలేదు. ముళ్లు పేపరును చీల్చుకొని బయటికి వచ్చాయి. పక్కదాని ముళ్లకు ఎదురునిలిచి, ఎవరి దూరంలో వాళ్లుండేలా చూసుకున్నాయి. నున్నటిది మాత్రం ప్రతి కుదుపుకూ ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. ఆపడానికి దానికేమీ లేదు. రెండు పక్కలనుంచీ ముళ్లు ఒంట్లో దిగబడి ఉన్నాయి. నాలుగైదు చోట్ల చర్మం చీరుకుపోయి రసం కారుతోంది.

సంజీవప్ప దాన్ని ఒళ్లో పెట్టుకొని మెట్టుమీద కూర్చున్నాడు. పొద్దున ముళ్లు పీకిన పట్టకారుతోనే ఇప్పుడు మళ్లీ ముళ్లు పీకడం మొదలుపెట్టాడు. కొన్ని వచ్చాయి, కొన్ని లోపలే విరిగాయి. పీకుతూ పీకుతూ ఉండగా ముదిగుబ్బలోని పాత ఇంటి గడప అతని కళ్లముందుకొచ్చింది. తాను ఆ ఇంటికి రాకముందే బావ పోయాడు. అప్పటికి అక్కకు ఇరవై మూడేళ్లు. పొద్దు వాలితే చాలు, ఎవడో ఒకడు మంచినీళ్ల నెపంతో ఆ గడప దగ్గరికి వచ్చేవాడు. తాను అక్క చీర కొంగు పట్టుకొని వెనక నిలబడేవాడు. అక్క నోరు తెరిచేది. వీధి వీధంతా బయటికొచ్చేది. వచ్చినవాడు భుజం మీది తుండు జారిపోయినా తిరిగి చూసుకోకుండా పోయేవాడు. ఒకసారి వచ్చినవాడు రెండోసారి రాలేదు. రానురాను మంచివాళ్లూ రావడం మానేశారు. ఆ ఇంట్లో తాను పన్నెండేళ్లు ఏ భయం లేకుండా తిని పడుకున్నాడు. బావ బతికుండగా సుంకమ్మ గొంతు పక్కింటికి కూడా వినపడేది కాదని ఎవరో ముసలమ్మ చెబితే అప్పట్లో నమ్మలేదు. ఇప్పుడు నమ్మాడు. సిగ్గుతో తల వాలిపోయింది. నలభై ఏళ్లు దాటిన మనిషి, పరాయి ఇంటి మెట్టుమీద కూర్చొని ఏడ్చాడు.

అయ్యవారు చూడనట్టే ఉండి, ఇంటి చూరుకు ఒక గోనెపట్టా కట్టే పనిలో పడ్డారు. ముళ్లు లేని ఒంటికి ఎండ తగిలితే మాడిపోతుందట.

కొంతసేపటికి సంజీవప్ప లేచి చేతులు కడుక్కున్నాడు. తాళ్లు చుట్టి బండిలో వేశాడు. "నేను ఇట్నుంచి ఇట్లే ముదిగుబ్బకు పోతాండా, అయ్యవారూ. అక్కను నేరుగా ఇంటికే తోడుకపోతా," అన్నాడు. బండి దాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చాడు. అబద్ధమాడే మనిషి కాదు కనుక మనసులో ఉన్నది దాచుకోలేకపోయాడు. "మళ్లా ఏమన్నా అంటే?"

"అంటాది," అన్నారు అయ్యవారు. దెబ్బతిన్న మొక్కను రెండు చేతులా ఎత్తి గోనెపట్టా నీడన పెట్టి, మట్టి చేతులు దులుపుకున్నారు.

"ఇన్నాళ్లూ దాని కాపలా అదే కాసుకొనింది. ఇంక మనం కాయల్ల."